నిద్రపోయిన సభ్యుడి చెయ్యి

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గారికి,

పక్క గదిలోంచే రాస్తున్నాను. నోటితో చెబితే "మినిట్స్‌లో మార్పులుంటే రాసివ్వండి. ఇంట్లో మొగుడైనా మీటింగులో మెంబరే కదా" అన్నారు తమరు.

ఆదివారం మీటింగు మినిట్స్ లిఫ్టులో అంటించారు. "మూడో అంతస్తు సభ్యుడు ఆసాంతం నిద్రపోయారు" అని ఉంది. నేను కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నానని మనవి. గురక గురించి అందులో లేదు కనుక నేనూ మాట్లాడను. కానీ వాచ్‌మన్ కూడా "నిద్ర సరిపోయిందా సార్" అని పలకరిస్తున్నాడు.

ఆ కిందే ఇంకో మాట ఉంది. డాబా మీది మొక్కలకు నీళ్లు పోసే పని ఆ సభ్యుడికే ఏకగ్రీవంగా అప్పగించారట, ఆయన కూడా చెయ్యెత్తారట. నిద్రపోయినవాడు చెయ్యెలా ఎత్తాడు? పక్క కుర్చీలో ఉన్నది తమరే. నాకు మెలకువ వచ్చేసరికి నా చెయ్యి తమరి చేతిలో ఉంది.

కాబట్టి నిద్రయినా కొట్టేయండి, చెయ్యయినా కొట్టేయండి. రెండూ ఉంచితే ఎలా?

జవాబు డాబా మీదికి తెచ్చివ్వు, అక్కడే నీళ్లు పోస్తుంటాను. గులాబీ మొగ్గ తొడిగింది. అది మినిట్స్‌లో ఎక్కించకు, వచ్చి చూడు చాలు.

ఇట్లు,
మెలకువగానే ఉన్న సభ్యుడు