లెక్కకు రాని కోత

బావా,

అత్తయ్య పోయినందుకు నాకూ బాధగానే ఉంది. అలాగని, ఆవిడ ఆక్సిజన్ మిషన్ మా కంపెనీ కరెంటు కోత వల్లే ఆగిపోయిందని ఫిర్యాదు పెడతావా? సొంతవాడివే నా నోటికాడ కూడు లాగేస్తే ఎలా?

కరెంటు పోయి వరసగా ఐదు నిమిషాలు దాటితేనే మా దగ్గర అది కోత కింద లెక్క. అందుకే అత్తయ్య పోయిన రోజు మధ్యాహ్నమంతా మధ్యమధ్యలో ఒక్క క్షణం కరెంటు ఇచ్చి తీసేశాం. ఆ ఉపాయం నాదే. సేవల నాణ్యత కొలిచేవాళ్లు ఈ ఏడాది అన్ని కంపెనీల్లోకీ మాదే బాగా మెరుగుపడిందంటున్నారు. నా ప్రమోషన్‌కి నీ ఫిర్యాదొక్కటే అడ్డం.

ఆ రోజు అక్క ఫోన్ చేసి, "ఒరేయ్, మిషన్ ఆన్ అయినట్టే అయి ఆగిపోతోందిరా, ఏదో ఒకటి చెయ్యరా" అని ఏడ్చింది. అంటే కరెంటు వస్తోందనేగా? ఆ మాటే అక్క చేత రాయించి, సంతకం పెట్టించి పంపు.

నీ బావమరిది