లిప్‌స్టిక్ వేసుకుని పళ్ల డాక్టరు దగ్గరికి

జూన్ 3

అందరూ ఎలా ఉన్నారని అడిగాను. కొడుకు నడుం పర్లేదట, వంగితే మాత్రం పట్టేస్తోందట. కోడలి దగ్గు తగ్గిందట. తనంటోంది గానీ, నాకైతే వంటింట్లోంచి ఇంకా వినిపిస్తోంది. మనవరాలికి జబ్బేమీ లేదు, తిండే సరిగ్గా తినట్లేదు. నా సంగతి ఎవరూ అడగలేదు. కింది దవడ పన్ను సలుపుతోంది.

మనవరాలు పళ్ల క్లినిక్‌లో అసిస్టెంటుగా చేరింది. ఈ నెలంతా ట్రయల్. నెలాఖరుకి డాక్టరమ్మ ఉంచుకుంటుందో, పంపేస్తుందో.

జూన్ 5

పిల్ల గ్లవ్స్ తీయడం నేర్చుకుంటోంది. తీయడం కూడా నేర్చుకోవాలటే అన్నాను. తొడుక్కున్న గ్లవ్స్ నిండా ఎర్ర సిరా పులుముకుంది. ఒకదాన్ని లోపలివైపు బయటికొచ్చేలా తిప్పి లాగింది, దాన్ని రెండోదాంట్లో చుట్టేసింది. మణికట్టు మీద చుక్క పడితే మళ్లీ మొదలు. ఆ సిరా పేషెంటు రక్తం అనుకో నానమ్మా అంది. అనుకున్నాను. కాళ్లు వెనక్కి లాక్కున్నాను.

చివరికి ఒక్క చుక్క కూడా అంటలేదు!

ఉంగరం, గాజులు తీసేసింది. గోళ్లు కత్తిరించేసింది. చేతులు అలా బోసిగా ఉన్నాయేంటని పక్కింటావిడ అడిగింది. డాక్టర్ల చేతులు అలాగే ఉంటాయని చెప్పాను. డాక్టరు కాదని నాకూ తెలుసు.

జూన్ 7

పన్ను ఇక ఆగేలా లేదు. పదో తారీకుకి పిల్లే బుక్ చేసింది. కుర్చీ పక్కన తనే ఉంటుందట. పన్ను పోతే పోయింది, పిల్ల పని చేస్తుంటే చూడొచ్చు.

జూన్ 9

పెదవి చివర నీటి పొక్కులు లేచాయి. ఒంట్లో నలతగా ఉంటే నాకిది మామూలే. పంటి నొప్పని రోజంతా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని తిరిగాను. పిల్లకి చెబితే రావద్దంటుంది. వెళ్లకపోతే ఆ టైముకి కుర్చీ ఖాళీ. ఇంట్లోవాళ్లనే టైముకి తీసుకురాలేని పిల్ల మనకెందుకని డాక్టరమ్మ అనుకుంటే?

జూన్ 10, పొద్దున

కోడలి లిప్‌స్టిక్ పూసుకున్నాను. ఏంటత్తయ్యా, పెళ్లిచూపులా అంది. కొడుకు మొహం తిప్పుకుని నవ్వాడు. నవ్వనీ.

జూన్ 10, మధ్యాహ్నం

పరువు పోయింది. కానీ కడుపు నిండిపోయింది.

పిల్ల గౌను వేసుకుని, మాస్కు, అద్దాలు పెట్టుకుని ఉంది. కళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. ఎంత బాగుందో! నాకూ అద్దాలు పెట్టింది. లిప్‌స్టిక్ తుడవాలంది. ఉండనీవే, బాగుంది అన్నాను. రూలు అంది. తుడిచింది. తుడిచి ఆగిపోయింది.

ఎప్పట్నుంచి అని అడిగింది. దోమ కుట్టిందన్నాను.

ఆ పొక్కుల్లోని నీరు వేలికి తగిలినా, మిషను తిరిగేటప్పుడు తుంపర కంట్లో పడినా అంటుకుంటుందట. మా డాక్టరు కంట్లో పడితే ఏం చేస్తావ్ అంది. కన్ను అనగానే చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఈలోగా డాక్టరమ్మ వచ్చింది. చూసింది. మీ నానమ్మేగా, నొప్పితో ఉంది, ఏం చేద్దామంటావ్ అని పిల్లనే అడిగింది. ఇక దీని ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. వాపు లేదు, జ్వరం లేదు, నొప్పికి మాత్ర ఇచ్చి పొక్కులు మానాక రమ్మందాం మేడమ్, ఇంకెవరైనా ఇలాగే చెప్పేదాన్ని అంది పిల్ల.

సొంత నానమ్మని కుర్చీలోంచి లేపేసింది! అందరి ముందూ!

డాక్టరమ్మ మాత్ర రాసిచ్చింది. గుమ్మం దాటబోతూ వెనక్కి చూశాను. పిల్ల నా చెయ్యి ఆనిన చోటల్లా తుడుస్తోంది. కోపం రావాలి. రాలేదు. ఒక్క మూల కూడా వదలట్లేదే అనుకున్నాను.

జూన్ 11

పిల్ల నాకు చెప్పకుండానే క్లినిక్‌కి వెళ్లిపోయింది. ఉంచుకునేదీ లేనిదీ డాక్టరమ్మ ఇంకా తేల్చలేదట, కోడలు చెప్పింది.

జూన్ 19

ఉంచుకున్నారు! నెల నిండకుండానే! సొంత మనిషి దగ్గరే మొహమాటపడని పిల్ల ఇంకెవరి దగ్గరా పడదని డాక్టరమ్మ అందట. పక్కింటావిడకి రెండుసార్లు చెప్పాను. లిప్‌స్టిక్ సంగతి మాత్రం చెప్పలేదు.

పొక్కులు మానాయి. పన్ను అలాగే ఉంది. మత్తు సూది నాకు పడకపోతే?

జూన్ 20

పిల్ల క్లినిక్‌లో ఇక నన్ను నానమ్మా అనదట. మీరు అంటుందట. నోరు తెరవండమ్మా అంటుందట. అననీ.

మంగళవారం, ఇరవై నాలుగు, పొద్దున పదిన్నరకి బుక్ చేసింది.