అత్తయ్య పెట్టిన టిక్కులు

మార్చి 3
రిజల్టు వచ్చింది! మందు ఇచ్చిన ఎలుకల గుండెల్లో మారిన జీన్ల లిస్టు వేస్తే, ఏ పనిచేసే జీన్ల గుంపు అందులో మామూలుకన్నా ఎక్కువుందో సాఫ్ట్‌వేర్ చెబుతుంది. ‘గుండె కొట్టుకోవడం’ గుంపు అన్నిటికన్నా పైన వచ్చింది. ఇది ఉత్త కాకతాళీయం కావడానికి ఎంత వీలుందో చూపే అంకెలో చుక్క తర్వాత అన్నీ సున్నాలే. మా పీహెచ్‌డీ గైడు కుర్చీలో నిలవలేదు. ఇరవై ఒకటిన కాన్ఫరెన్స్‌లో దీని గురించే మాట్లాడతానని, ఆ వెంటనే నన్ను థీసిస్ ఇచ్చేయమని అన్నారు. ఆరేళ్లకు ఒడ్డున పడ్డాను.

మార్చి 8
పోలిక చూపడానికి, ఏ లెక్కా లేకుండా ఏరిన ఒక చెత్త లిస్టు కావాలన్నారు గైడు. అత్తయ్య మోకాలి నొప్పితో ఇంట్లో ఊరికే కూర్చోలేక అల్లాడుతున్నారు. గుండెలో పనిచేసే జీన్లన్నీ ప్రింటు తీసి, పెన్సిల్ చేతికిచ్చి, నచ్చినవాటికి టిక్కు పెట్టమన్నాను. ఎంత నిష్ఠగా పెట్టారో! బస్సు నంబర్లలా ఉన్నాయని కొన్నిటిని కొట్టేశారు. ఒకదాన్ని చూసి, ఇది కోపిష్టిదిలా ఉందన్నారు.

మార్చి 8, సాయంత్రం 6
అత్తయ్య లిస్టులోనూ గుండె గుంపే పైన. నాకంటే సున్నాలు ఎక్కువ.

మార్చి 9
తప్పు నాదే. దేంతో పోల్చాలో చెప్పే ‘బ్యాక్‌గ్రౌండ్’ గడిని నేను ముట్టుకోనేలేదు. అది ఒంట్లోని మొత్తం జీన్లతో పోల్చేసింది. గుండెలోంచి కళ్లు మూసుకుని తీసినా వచ్చేది గుండె జీన్లే కదా! లేడీస్ కంపార్ట్‌మెంట్‌లో తలలు లెక్కపెట్టి, రైలెక్కేవాళ్లంతా ఆడవాళ్లేనని చాటినట్టుంది. గడిలో గుండెలో పనిచేసే జీన్లు మాత్రమే పెట్టి మళ్లీ నడిపాను. నా లిస్టులో ఏమీ మిగల్లేదు. అత్తయ్య లిస్టులోనూ అంతే. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

మార్చి 10
చెప్పలేదు. గైడు కాన్ఫరెన్స్ కోసం కొత్త కోటు కుట్టించుకున్నారు.

మార్చి 12
ఇంకా చెప్పలేదు. ఈలోగా అత్తయ్య, తన లిస్టుకే ఎక్కువ సున్నాలొచ్చాయని విని, గుండెజబ్బు గుట్టు తనే కనిపెట్టినట్టు బంధువులందరికీ ఫోన్లు చేసేశారు. ఒకావిడ మాత్ర ఎప్పుడొస్తుందని అడిగిందట. భోజనాల దగ్గర, మీ రీసెర్చ్ పేపర్లో నా పేరు నీ పేరుకి ముందుంటుందా వెనకా అన్నారు. మా ఆయనకు నవ్వుతో పొలమారింది. ఇక ఉండబట్టలేక, మన రెండు లిస్టులూ పనికిరానివేనని చెప్పేశాను. నీదంటే సరే, నేను కళ్లద్దాలు పెట్టుకుని మరీ చేశాను కదా అన్నారు. పెరుగు కలుపుకుంటూ, మీ సారుకి తెలుసా అన్నారు. తెలియదన్నాను. పాపం, నలుగురిలో ఆయన పరువు పోదూ, నువ్వు చెప్తావా, నన్ను ఫోన్ చెయ్యమంటావా అన్నారు.

మార్చి 13
చెప్పాను. అత్తయ్య టిక్కుల సంగతీ దాచలేదు. గైడు చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. థీసిస్ ఇంకో ఆరు నెలలు వెనక్కి అన్నారు. తర్వాత, మీ అత్తగారు ఏం చదువుకున్నారని అడిగారు. బయటికొచ్చి ఏడుస్తాననుకున్నాను గానీ, విపరీతంగా ఆకలేసింది.

మార్చి 21
గైడు కొత్త కోటులోనే వచ్చారు. తెర మీద మొదట వచ్చిన రెండు రిజల్టులు పక్కపక్కన పెట్టి, ఒకటి ఆరేళ్ల పరిశోధన, ఇంకోటి ఒక అత్తగారి మధ్యాహ్నం, పరిశోధన ఏదో చెప్పండి అన్నారు. హాలంతా అత్తయ్యదానికే చేతులెత్తింది. అసలు సంగతి చెప్పాక నవ్వులే నవ్వులు. గడి చూసుకోకపోవడం మా తప్పేనని, మీరంతా చూసుకునే ఉంటారని ఆయన అన్నారు. నవ్వులు ఆగిపోయాయి. తర్వాతి ఉపన్యాసం ఒక్కరూ వినలేదు. అందరూ ల్యాప్‌టాప్‌లు తెరిచి ఎవరి గడి వాళ్లు వెతుక్కుంటున్నారు. దీన్నే థీసిస్‌లో ఒక చాప్టర్ చెయ్యమన్నారు గైడు. నాకు ఆయన మీద మొదటిసారి ప్రేమ పుట్టుకొచ్చింది.

మార్చి 24
వేరే ల్యాబు నుంచి ఒక లిస్టు వచ్చింది. నాకు కాదు, అత్తయ్యకు; వాళ్ల రిజల్టు నిజమో కాదో తేల్చుకోవడానికి ఆవిడ టిక్కులు కావాలట. పెన్సిల్ చెక్కి ఇచ్చాను.