తీగ పీకేసిన ఫ్లో స్విచ్

జియా సరాయ్, నవంబరు 2006, మంగళవారం

ట్రైనింగ్‌లో నేను వేసిన మొదటి ఫైర్ అలారం డిజైన్ అక్క పనిచేసే గుర్‌గావ్ కాల్‌సెంటర్‌దే; అక్కడ అదెలా పనిచేస్తోందో ఇవాళ చూసి వచ్చాను. అక్క అంతస్తులో, నిప్పంటుకుంటే నీళ్లు చల్లే స్ప్రింక్లర్ పైపు మీద, నీరు కదిలితే గంట మోగించే ఫ్లో స్విచ్ ఉంది. దాని తీగ మాత్రం పీకేసి ఉంది.

"పంప్ చల్తే హీ బజ్‌తా థా, భయ్యా!" అన్నాడు గార్డు. పంపు ఆన్ అయితే చాలు, మోగేదట.

తప్పు నాదే. పంపు ఆన్ అయినప్పుడు పైపులో నీటి కుదుపుకి మోగకుండా స్విచ్‌కి కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టాలి. నేను సున్నా పెట్టాను. 'నీరు కదిలిన క్షణమే గంట పలకాలి' అని డ్రాయింగ్ పక్కన రాసి, ఆ వాక్యానికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు నిప్పంటుకుంటే నీళ్లు కురుస్తాయి గానీ గంట మోగదు.

"బిల్డింగ్ అప్పగించేశాం. ఏదీ ముట్టుకోకు," అన్నారు నాకు ట్రైనింగ్ ఇస్తున్న సార్, సరిచేస్తానని అడిగితే.

ఈ రాత్రి డ్యూటీ మానమని అక్కని ఫోన్‌లో బతిమాలాను.

"ఆ గంట పోయాకే కదరా ప్రశాంతంగా కాల్స్ తీసుకుంటున్నాం! పీకినవాడికి దండం పెట్టాలి," అని నవ్వింది.

తీగ కలిపితే ఊరికే మోగుతుంది, మళ్లీ పీకేస్తారు. ఆలస్యం మార్చాలంటే సార్ ఒప్పుకోవాలి. పొద్దున్నే ఆయన గుమ్మంలో నిలబడతాను. కానీ ఈ రాత్రి... అక్క ఈపాటికి క్యాబ్ ఎక్కేసి ఉంటుంది.