ఖర్జూరాలు పండించే ఉక్క

అబుల్‌ఖసీబ్, బస్రా
ఆగస్టు 14

అమ్మా, పోయిన కార్డు చూసి కంగారుపడకు, కులాసాగానే ఉన్నాను. ఈ ఉక్క భరించలేను, కాన్పుకు మన కొండకు వచ్చేస్తాను, తమ్ముణ్ణి పంపమని రాశాను కదా. సముద్రపు గాలి తిరిగిన నాటినుంచి సీసాలో ఉప్పు కూడా నీరవుతోంది. నిన్న సాయంత్రం మేడమీద ఆరేసిన బట్టలు పొద్దున్నకు ఇంకా తడిగానే ఉంటే ఏడుపొచ్చింది. అత్తయ్య ఒకటే నవ్వు.

"పిచ్చి కొండపిల్లా, ఈ గాలి వచ్చింది నీ బట్టలు ఆరబెట్టడానికటే? ఖర్జూరాలు పండించడానికి! రా, చూద్దువుగాని" అని తోటలోకి లాక్కెళ్లింది. కాలువమీద ఆవిరి తేలుతోంది. చెట్లు మబ్బులో ఈదుతున్నట్టున్నాయి. మొన్నటి గట్టికాయ సగం తేనెరంగుకు తిరిగింది, నోట్లో పెట్టుకుంటే కరిగిపోయింది. ఇక్కడా మనలాగే పుట్టిన బిడ్డ నాలుకకు మొదట ఖర్జూరమే రాస్తారు. మనకు బజారులో కొన్న ఎండుపండు, వీళ్లకు అప్పుడే చెట్టునుంచి దింపిన పండు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? మేక ఈనిందా? నాన్న చేతులకు ముద్దులు. తమ్ముణ్ణి మాత్రం తప్పక పంపు. నన్ను తీసుకెళ్లడానికి కాదు, నువ్వు నన్ను ఊపిన ఉయ్యాల తెచ్చివ్వడానికి.

నీ గులిస్తాన్