ఆరో కన్యక దివిటీ

ఆడపిల్లల బడిలో ముప్పై ఒక్క ఏళ్లు డ్రాయింగు టీచరుగా పనిచేసి రిటైరైన నేను, డెబ్బై నాలుగో ఏట, మతి సరిగా ఉండగానే, ఎవరూ పక్కన కూర్చుని చెప్పి రాయించకుండా, నా సొంత దస్తూరీతో రాసుకున్న వీలునామా ఇది. మతి సంగతి డాక్టరు చేత రాయించి ఆ కాగితం దీనికి జతపరిచాను. నా తర్వాత దీన్ని "ముసలావిడ చాదస్తం" అని కొట్టిపారేయడానికి ఎవరెవరు కాచుకుని ఉన్నారో నాకు తెలుసు. పోయిన ఏడాది రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత మా మరిది కొడుక్కి అప్పగిస్తున్నాను. లెక్కల మాస్టారు. నిజాయితీపరుడని కాదు, పిరికివాడని. పిరికివాళ్లు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేస్తారు. అయినా రెండో ప్రతి ఫ్రేములు కట్టే ఆయన దగ్గర ఉంది. మూడోది ఎక్కడుందో చెప్పను.

2. వంటింటి సామాను మొత్తం మాస్టారి తల్లికి, అంటే మా తోటికోడలికి. వచ్చినప్పుడల్లా మూతలెత్తి చూసుకుంటూనే ఉంది కనుక మళ్లీ జాబితా రాయడం దండగ.

3. నేను వేసిన పది నీటిరంగుల బొమ్మలు. బైబిల్లో పెళ్లికొడుకు కోసం దివిటీలతో ఎదురుచూసిన పదిమంది కన్యకల కథ అవి. ఐదుగురు బుద్ధిమంతులు, వెంట నూనె తెచ్చుకున్నారు. ఐదుగురు తెచ్చుకోలేదు. నూనె కొనుక్కుని ఆలస్యంగా వచ్చేసరికి తలుపు మూసేశారు. ముఖాలన్నీ నేను ఎరిగిన ఆడవాళ్లవే. బుద్ధిలేనివాళ్లలో మొదటిది, ఆరో బొమ్మ, ఆసుపత్రిలో దుప్పట్లు కుట్టే మా చెల్లెలు. ముప్పై ఏళ్ల కిందట అమ్మ పోయినప్పుడు ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. కడచూపు దక్కలేదు. చుట్టాలు నోటితో అన్నారు, నేను బొమ్మ వేశాను.

ఆరోది తప్ప మిగతా తొమ్మిదీ చర్చి హాలుకు ఇస్తున్నాను. వాటి కింద పాస్టరు గారి భార్య తన పేరు రాయించుకోకుండా మాస్టారు ఓ కన్నేసి ఉంచాలి.

4. ఆరో బొమ్మ సంగతి. దాని చేతిలో ఆరిపోయిన దివిటీ వేశాను. నిరుడు వేసవిలో చూస్తే అక్కడ పసుపు పచ్చగా మంట. లేత మంట, వారం వారం పెరుగుతోంది. ఇంటి రెండో తాళంచెవి చెల్లెలి దగ్గరే ఉండేది. ప్రతి గురువారం వచ్చి నా తల దువ్వి, గోళ్లు కత్తిరించి వెళ్లేది. ఇంకెవరి మీద పోతుంది అనుమానం? రంగుల పెట్టె మూత మీద పౌడరు చల్లాను. గది తలుపుకు వెంట్రుక అంటించాను. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి ఎంత నేర్పరో అనుకున్నాను.

చివరికి చర్చి హాల్లో నలభై మంది ముందు అడిగేశాను, "నీ మచ్చ నువ్వే కడుక్కుంటున్నావా?" అని. "నాకు బ్రష్షు పట్టుకోవడమే రాదక్కా" అంది. తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ వారమే దానికి చిల్లిగవ్వ లేకుండా వీలునామా రాశాను.

5. బొమ్మను ఫ్రేములు కట్టే ఆయన విప్పి చూపించాడు. ఫ్రేము అట్ట కిందున్న అంచుల్లో రాత్రి ఆకాశానికి వేసిన ముదురు నీలం చెక్కుచెదరలేదు. ఎండ సోకినచోట వెలిసిపోయింది. "ఎవరూ వెయ్యలేదమ్మా. నీలాన్ని ఎండ తినేసింది, కిందున్న పసుపు బయటపడింది" అన్నాడు. చెల్లెలు ఇతన్ని మంచి చేసుకుందేమో అనుకున్నాను. అదే నీలం ఓ కాగితానికి పూసి, సగం అట్టతో కప్పి, నాలుగు నెలలు కిటికీలో ఉంచాను. కప్పని సగం వెలిసింది. ఆయన మాట నిజమే.

ఆ పసుపు వేసింది నేనే.

6. ఇది నా వాంగ్మూలం. అమ్మకు నోట మాట పడిపోయిన ఉదయమే పొరుగూళ్లో ఉన్న చెల్లెలికి ఫోను చెయ్యాలి. మర్నాడు చేశాను. అమ్మకు అదంటేనే ప్రాణం. ఆ ఒక్కరోజైనా అమ్మ నాకే కావాలనిపించింది. ఫోను పనిచెయ్యలేదని అందరితో చెప్పాను. బొమ్మ వేసేటప్పుడు చెయ్యి అబద్ధమాడలేక దాని దివిటీకి మంట పెట్టింది. తోటికోడలు చూసి, "ఆలస్యంగా వచ్చినదాని దివిటీ వెలుగుతోందేం?" అంది. ఎక్కడ ఆరా తీస్తుందోనని మంట మీద ఆ ఆకాశం నీలమే పులిమేశాను. ఏళ్లు గడిచేసరికి ఆ మంట సంగతి నేనే మరిచిపోయాను. ఆలస్యం చేసింది అదేనని నేనే నమ్మాను.

కనుక ఇల్లు, ఆరో బొమ్మ, రంగుల పెట్టె చెల్లెలికి. ఈ ఆరో అంశాన్ని అదే హాల్లో, అదే నలభై మంది ముందు మాస్టారు గట్టిగా చదవాలి. గొణుగుతాడు కనుక ఫ్రేములాయన పక్కన నిలబడాలి.

7. పోయిన గురువారం చెల్లెలు కుట్టే గదికి వెళ్లి ఇదంతా చెప్పాను. మిషను ఆపలేదు. "తెలుసక్కా. అమ్మకి ఏ రోజు మాట పడిపోయిందో డాక్టరు అప్పుడే చెప్పాడు" అంది. మరి ముప్పై ఏళ్లూ ఎందుకు అడగలేదన్నాను. "అడిగితే అమ్మతో పాటు నువ్వూ పోతావని" అంది. దారం పళ్లతో తెంపి ఇంకో దుప్పటి అందుకుంది.

ఆ మాట నిజమో కాదో నేను ఎవరినీ వాకబు చెయ్యలేదు.

ఈ నెల పద్నాలుగో తేదీ, మంగళవారం, పగలు పదకొండు గంటలకు, ప్రతి పేజీ కిందా సంతకం చేశాను.

(సంతకం)
డ్రాయింగు టీచరు

సాక్షులు, ఇందులో వీరికి దక్కేదేమీ లేదు:
1. ఫ్రేములు కట్టే ఆయన
2. మందుల షాపు ఆవిడ