తల్లిపాముకి స్నానం

ఉద్దానం, మన తోట ఇంటి నుంచి
ఆదివారం

అమ్మకి,

నీ కొడుకు లోకనాథ్ దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ కులాసా. అందరం కులాసా అని రాయాలి గానీ, అమ్మమ్మ పోయాక ఈ ఇంట్లో మనిషిని నేనొక్కడినే కదా. పాముల్ని కూడా ఇంటివాళ్ళ కిందే లెక్కేసుకుంటున్నాను, తప్పుగా అనుకోకు. మస్కట్‌లో నువ్వూ, నీ నడుం నొప్పీ, మీ మేడమ్ గారి పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. హరిశ్చంద్రపురం రోజా మస్కట్ నుంచి సెలవుకి వచ్చిన మర్నాడే తెచ్చి ఇచ్చింది. ఇది కూడా తన సంచిలోనే నీ దగ్గరికి వస్తుంది. "ఫోనులో సెప్పకు నాయినా, ఫోనులో నువ్వు ఆఁ ఊఁ అంతావు, నాను ఏడుత్తాను. రాసి పంపు" అన్నావు. నిజమే. నువ్వు ఏడుస్తుంటే నాకు ఫోను ఏ చెవికి పెట్టుకోవాలో కూడా తెలియదు.

మీ మేడమ్ ఇంకో రెండేళ్ళు ఉండమంటోందనీ, ఉండమంటావా వచ్చెయ్యమంటావా, నేనెలా చెప్తే అలాగేననీ ఆఖర్న రాశావు. దానికి జవాబు రాస్తాను. ముందు మిగతావి రాయనీ. నాకు కాస్త ధైర్యం కూడాలి.

తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. మొదట్లో గిన్నెడు వండేసి మూడు పూటలూ అదే తినేవాడిని. ఇప్పుడు ఒక్కడికి సరిపడా వండటం చెయ్యి కుదిరింది. భావనపాడు నుంచి చేపలావిడ వస్తుంది, కానీ పాములకి భయపడి గేటు అవతలే నిలబడి కేకేస్తుంది. తట్ట అక్కడే దింపుతుంది, నేనే వెళ్ళి తెచ్చుకోవాలి. గాలివానకి పడిన కొబ్బరి చెట్లు తీయించేశాను. లేచిపోయిన పెంకులు నేయించాను. వంటింటి మూల ఒకచోట మాత్రం ఇంకా కారుతోంది, అక్కడ బకెట్టు పెట్టాను.

పాముల వ్యాపారం అంటే పోలీసులు పట్టుకుంటారేమో అని భయపడ్డావు. భయం లేదు. మన దేశం పాముల్ని పెంచకూడదు, అమ్మకూడదు. నేను పెంచేవి బయటి దేశం జాతి, బాల్ పైథాన్లంటారు. ప్రతి ఒక్కదాన్నీ ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాను. విషం లేదు. భయమేస్తే తల లోపలికి దాచుకుని బంతిలా చుట్టుకుపోతాయి, వాటి పౌరుషం అంతే. నేను బెంగళూరులో పని మానేసి, అమ్మమ్మ జబ్బు అని తిరిగొచ్చినప్పుడు ఒక జత తెచ్చాను. ఇప్పుడు మన జీడిపిక్కల గది నిండా ఉన్నాయి. అరల్లో ట్రేలు, ట్రేల్లో కొబ్బరి పీచు పొట్టు పరుపు. ఉద్దానంలో పుట్టినందుకు నాకు తేలిగ్గా దొరికేది ఆ పొట్టు ఒక్కటే.

పాము పిల్లల్ని కొనడానికి దూరం నుంచి వస్తారు. బరంపురం నుంచి, విశాఖ నుంచి. వచ్చినవాళ్ళని ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతాను. కరెంటు పోతే ఏం చేస్తావు? నువ్వు ఊరెళ్తే ఎవరు చూస్తారు? ఇది ముప్పై ఏళ్ళు బతకొచ్చు, అన్నాళ్ళూ నీకు ఇష్టం ఉంటుందా? పెళ్ళిచూపుల్లా ఉందండీ అని నవ్వుతారు. నవ్వనీ. సరిగ్గా జవాబు చెప్పనివాళ్ళకి మజ్జిగ ఇచ్చి పంపేస్తాను. ఇలా అయితే వ్యాపారం పైకి రాదని అందరూ అంటారు. నా తిండికీ వాటి తిండికీ సరిపోతోంది, చాలు.

అవి నిన్ను గుర్తుపడతాయా అని అడిగావు కదా. లేదమ్మా. నా చేతి వెచ్చదనం తెలుసు, నా వాసన అలవాటు. ఇంకెవరి చెయ్యి వెచ్చగా ఉన్నా దాని మీద అలాగే పడుకుంటాయి. మొదట్లో ఇది బాధనిపించేది. తర్వాత్తర్వాత అదే హాయిగా ఉంది. అవి అరవవు, పిలవవు, ఎందుకు ఆలస్యమైందని అడగవు. ఒక్కోరోజు పొద్దుట్నుంచీ నోరు తెరిచే పనే ఉండదు. సాయంత్రం ఎవరైనా ఫోను చేస్తే గొంతు పెగలదు, ముందు దగ్గాలి.

మన ఊళ్ళో నాతో మాట్లాడే మనిషి ఒక్కరే, పక్కింటి కామాక్షి అత్త. ఆవిడ కూడా పాములు వచ్చిన దగ్గర్నుంచీ మన అరుగు ఎక్కలేదు. కిందటి నాగులచవితికి మాత్రం పళ్ళెంలో పాలు, పసుపు, చలివిడి, చిమ్మిలి పట్టుకుని తిన్నగా లోపలికి వచ్చేసింది. నేను బిత్తరపోయాను.

"ఒరే లోకం, ఓ పాముని ఇలా పట్రా. పుట్ట కాడికి నడవనేకపోతన్నాను, మోకాలు లాగేత్తంది."

"అత్తా, ఇది మన పాము కాదు. ఆఫ్రికాది."

"అయితే ఏటి? ఆల్ల దేశంలో దేవుడు నేడేటి?"

"పాలు పోస్తే దానికి జబ్బు చేస్తుంది అత్తా. పసుపు కూడా పడదు."

"మరేటి తింతాది?"

"ఎలుకలు."

అత్త కాసేపు పళ్ళెం వైపు చూసింది, పాముల గది వైపు చూసింది. "ఎలకల్ని నాను తేనేను నాయినా" అంది. గుమ్మం దగ్గరే నిలబడి దణ్ణం పెట్టుకుని, చలివిడి ముద్ద నా చేతిలో పెట్టింది. "దానికి పడకపోతే నువ్వే తిను. ఇంట్లో ఉన్నోల్లు ఎవులో ఒకలు తినాల గదా." నేను తింటుంటే ఎదురుగా కూర్చుంది. ఆ రోజు మన ఇంట్లో ఇంకో మనిషి గొంతు వినబడింది. అత్త వెళ్ళాక తలుపు వేయబుద్ధి కాలేదు.

ఇప్పుడు నీకొక సంగతి చెప్పాలి. ఆడపాము గుడ్లు పెట్టగానే వాటిని చుట్టుకుని పడుకుంటుంది. మేము వాటిని దాని చుట్టల్లోంచి మెల్లగా తీసి, పొదిగే పెట్టెలో పెడతాం. పెట్టెలో వేడి సమంగా ఉంటుంది, గుడ్లు పాడవవు. మొదటిసారి అంతవరకే చేసి చేతులు కడుక్కున్నాను. ఆ తల్లి ఖాళీ నీళ్ళగిన్నెని చుట్టుకుని కూర్చుంది. తిండి పెడితే ముట్టలేదు. రోజురోజుకీ వెన్ను తేలిపోతోంది. చచ్చిపోతుందేమోనని బెంగళూరులో నాకు పాముల పని నేర్పినాయనకి ఫోను చేస్తే, "స్నానం చేయించావా?" అన్నాడు. గుడ్ల వాసన ఒంటి మీద ఉన్నంతకాలం గుడ్లు ఇంకా ఉన్నాయనే అనుకుంటుందట. గోరువెచ్చని నీళ్ళతో దాన్ని కడగాలి, ట్రే తోమాలి, పొట్టు మార్చాలి. వాసన పోతే తింటుంది. కడిగాను. తర్వాత నెమ్మదిగా తిన్నది.

దాన్ని కడుగుతున్నప్పుడు నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. నువ్వు వెళ్ళిపోయిన మర్నాడు అమ్మమ్మ నీ చీరలు, నీ దుప్పటి, నీ తలగడ గలీబు అన్నీ బావి దగ్గర వేసి బాదేసింది. అప్పటికి నాకు పదకొండేళ్ళు. ఆ గలీబు కోసం అమ్మమ్మతో పెనుగులాడాను, చెయ్యి కొరికాను కూడా. అంతవరకూ నేను ముద్ద ముట్టలేదు. అవి ఉతికి తీగ మీద ఆరేశాక, సాయంత్రం గంజన్నం తిన్నాను. అమ్మమ్మ నీతో ఫోనులో, "తింతన్నాడే, నీకు బెంగ వద్దు" అని చెప్పింది. ఎంత రాయి మనిషో అని నాకు చాలా ఏళ్ళు ఆవిడ మీద కోపం ఉండేది. పాముని కడిగాక తెలిసింది, పాపం నేను తినాలని చేసింది. ఈ మాట ఆవిడ బతికుండగా అని ఉంటే బాగుండేది.

నిన్ను పాముతో పోలుస్తున్నానని కోపగించుకోకు. నాకు తెలిసినవి అవే.

ఈ ఏడు గాలివాన వచ్చినప్పుడే ఒక పాము గుడ్లు పెట్టింది. కరెంటు స్తంభాలు పడిపోయాయి, పెట్టె చల్లబడిపోయింది. చేసేదేమీ లేక గుడ్లని తల్లి దగ్గరే వదిలేశాను. తర్వాత కరెంటు వచ్చినా తియ్యబుద్ధి కాలేదు. చల్లగా ఉంటే చుట్టలు బిగించేది, ఉక్కపోతగా ఉంటే కాస్త సడలించేది. అన్నాళ్ళూ ఏమీ తినలేదు. నేను స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుని చూసేవాడిని. గుడ్లు చిట్లి పిల్లలు తలలు బయటపెట్టిన రోజు, ఏదో జరుగుతుందని చూశాను. ఏమీ జరగలేదు. తల్లి చుట్టలు విప్పుకుని ఒక మూలకి పోయింది. పిల్లలు ఇంకో మూలకి పోయాయి. ఒకదాన్నొకటి చూసుకోనైనా లేదు. పెరట్లోకి వెళ్ళి చాలాసేపు గోడ దగ్గర కూర్చున్నాను. గోడ అవతల్నుంచి కామాక్షి అత్త ఏమైందని అడిగితే చెప్పాను. "పామురా అది. ఏటి, ముద్దెట్టుకుంతాదనుకున్నావా?" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఇంక దాచను. పోయిన నెల ఫోనులో మేడమ్ మాట నువ్వు మొదటిసారి ఎత్తినప్పుడు, "ఉండు, నీ ఇష్టం, ఇక్కడ గది కూడా ఖాళీ లేదు, పాములకి సరిపోవడం లేదు" అన్నాను. అది అబద్ధం. ముందు గది ఖాళీగానే ఉంది. నీ మంచం కూడా అందులోనే ఉంది. నాకు భయమేసి అలా అన్నాను.

నువ్వు రెండేళ్ళకో మూడేళ్ళకో వస్తావు. నెలరోజులుంటావు. వచ్చిన దగ్గర్నుంచీ వండుతూనే ఉంటావు, నేను తింటూనే ఉంటాను. నువ్వు తెచ్చే చొక్కా ఎప్పుడూ నాకు బిగుతే, కిందటిసారి నువ్వు చూసిన కొలతకి కొంటావు కాబట్టి. బాగుందని వేసుకుంటాను, నువ్వు వెళ్ళాక విప్పేస్తాను. చివరి వారం ఇద్దరం నీ పెట్టె వైపు చూస్తూ మాట్లాడుకుంటాం. చుట్టాన్ని చూసుకున్నట్టు ఒకరినొకరం చూసుకుంటాం. నువ్వు పూర్తిగా వచ్చేస్తే, ఆ నెల దాటాక మనం ఏం మాట్లాడుకోవాలి? ఏ పాముకి ఎంత వేడి కావాలో అడుగు, నిద్రలోనైనా చెప్తాను. నువ్వు పొద్దున్నే లేచి ఏం తాగుతావో నాకు తెలియదు. నువ్వు రావడం నాకు ఇష్టం లేక కాదమ్మా. వచ్చాక, ఎందుకొచ్చానా అని నువ్వు అనుకుంటావేమోనని భయం. అందుకే ఉండమన్నాను. ఈ ఉత్తరంలో కూడా అదే రాద్దామని నిన్నటిదాకా అనుకున్నాను.

నిన్న రోజా వచ్చింది, ఉత్తరం రాశావా అంటూ. రాయలేదన్నాను. గేటు దగ్గరే నిలబడి కాసేపు నసిగింది.

"అన్నయ్యా, నీకు సెప్పొద్దంది పెద్దమ్మ. నన్ను గుట్టుగా కనుక్కు రమ్మంది. నువ్వు పొద్దున్న టీ తాగుతావా, కాపీ తాగుతావా? రాత్రి అన్నం తింతావా, సపాతీయా? లైటేసుకుని పడుకుంతావా, తీసేసా? కన్నతల్లివి, నీకు తెల్దేటి అని నాను నవ్వితే, పెద్దమ్మ అక్కడే కూకుండిపోయి ఏడిసింది. 'ఆడితో నాను ఉండగలనో నేదో, నన్నాడు ఉండనిత్తాడో నేదో' అంది."

నేను రోజాకి ఏమీ చెప్పలేదు. అది నువ్వు నన్ను అడగాల్సిన మాట, నేను నీకు చెప్పాల్సిన జవాబు. తను వెళ్ళాక ముందు గది తలుపు తీశాను. నీ మంచం బయట ఎండలో వేసి దులిపాను. భయం నాకొక్కడికే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నీకూ ఉందని తెలిశాక నా గుండె బరువు సగం దిగింది.

కాబట్టి నా జవాబు ఇది. మేడమ్‌కి వద్దని చెప్పు. వచ్చెయ్యి. వచ్చాక మాటలు దొరక్కపోతే ఇద్దరం ఊరుకుందాం. నాకు అలవాటే, నీకూ అలవాటయ్యే ఉంటుంది. పోట్లాడుకుంటే పోట్లాడుకుందాం, అంతవరకూ ఎప్పుడూ రాలేదు మనం. నాకు ఇరవై ఏడేళ్ళు. అయినా నాకు నువ్వు కావాలమ్మా.

ఈసారి తిరుగు టికెట్టు తీసుకోకు. నేను పొద్దున్న టీ తాగుతాను, పంచదార కొంచెం ఎక్కువే. నువ్వేం తాగుతావో ఉత్తరంలో రాయకు. వచ్చి చెప్పు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
నీ కొడుకు,
లోకం